ఏడున్నరకి ఆక్స్‌ఫర్డ్ పిలుస్తుంది

నవంబరు ఆఖరి వారం. విజయవాడ సత్యనారాయణపురంలో మేడ మీద గదిలో కూర్చుని ఫిజిక్స్ రికార్డు రాస్తున్నావు. ఫోన్ టింగుమంటుంది. మెయిల్ తెరుస్తావు. ఒకసారి చదివితే నమ్మకం కుదరదు. మళ్లీ చదువుతావు. అక్టోబరు 15 లోపు పంపిన దరఖాస్తు, ఆ నెలలోనే రాసిన ప్రవేశ పరీక్ష, రెండూ గట్టెక్కాయి. గణితం కోర్సు కోసం ఆక్స్‌ఫర్డ్‌లోని ఒక కాలేజీ నిన్ను డిసెంబరులో ఇంటర్వ్యూకి రమ్మంటోంది.

మెట్లు దూకుతూ కిందికి వస్తావు. అమ్మ చేతులకి చపాతీ పిండి. నాన్న అప్పుడే బండి స్టాండు వేస్తున్నాడు. ఇద్దరిదీ ఒకటే ప్రశ్న: "అయితే సీటు వచ్చినట్టేనా?"

రాలేదు. ఆ యూనివర్సిటీకి ఏటా 20,000 మందికి పైగా దరఖాస్తు చేస్తారు. సుమారు 10,000 మందిని ఇంటర్వ్యూకి పిలుస్తారు. సీట్లు 3,300 చుట్టుపక్కల. లెక్క నీకు నువ్వే కట్టుకుంటావు. పిలుపు వచ్చిన ముగ్గురిలో ఒకరికి. మిగతా ఇద్దరూ కూడా వాళ్ల వాళ్ల బడుల్లో ఫస్టు వచ్చినవాళ్లే.

చేతిలో ఉన్నది రెండు వారాలు. ఏం చేస్తావు?

నీ చెయ్యి అలవాటుగా కోచింగ్ మెటీరియల్ మీదికి పోతుంది. జనవరిలో జేఈఈ మెయిన్ ఎలాగూ ఉంది. ఇంకో అయిదారు వందల లెక్కలు చేసేస్తే రెండు పనులూ కలిసొస్తాయి కదా?

ఆగు. ఆ పుస్తకాలు రెండేళ్లుగా నీకు నేర్పిందేమిటి? రెండు నిమిషాల్లో లెక్క తేల్చెయ్యాలి. నాలుగు ఆప్షన్లలో రెండు కొట్టెయ్యాలి. నోరు మెదపకూడదు. అది మంచి విద్యే, జనవరిలో పనికొస్తుంది. కానీ డిసెంబరులో నీ ముందు ఆప్షన్లు ఉండవు. ఎదురుగా మనుషులు ఉంటారు. నువ్వు నోరు మూసుకుంటే వాళ్లకి చూడ్డానికి ఏమీ మిగలదు.

పుస్తకం పక్కన పెట్టి పెద్దమ్మ కూతురికి ఫోన్ చేస్తావు. డిగ్రీ కాలేజీలో లెక్కలు చెబుతుంది. "అక్కా, సాయంత్రం ఖాళీనా?"

అక్క వస్తూనే నీ టేబుల్ మీద ఉన్న 30 సెంటీమీటర్ల స్కేలు తీసుకుంటుంది. నుదుటి మీది స్టికర్ బొట్టు ఒలిచి సరిగ్గా 15 దగ్గర అంటిస్తుంది. స్కేలుని గోడకి ఆనిస్తుంది.

"ఇది నిచ్చెన. బొట్టు దాని నడిమి మెట్టు. నిచ్చెన జారి పడిపోతోంది. పై కొస గోడ వెంట, కింది కొస నేల వెంట. బొట్టు గాల్లో ఏ ఆకారం గీస్తుంది?"

ఇది అక్క కల్పించింది కాదు. ఇంటర్వ్యూ ఎలా ఉంటుందో పిల్లలకి తెలియాలని ఆక్స్‌ఫర్డే బయటపెట్టిన నమూనా ప్రశ్నల్లో ఒకటి.

స్కేలు వంక చూస్తున్నావు. కళ్లు మూసుకుని నిచ్చెనని పడేస్తున్నావు. అర నిమిషం. నిమిషం. ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

"మాట్లాడవేం?"

"ఆలోచిస్తున్నానక్కా."

"నాకేం వినపడలేదు. వాళ్లకీ వినపడదు."

గొంతు సవరించుకుంటావు. నోట్లో ఉన్న మాట మీద నీకే నమ్మకం లేదు. అయినా అనేస్తావు. "లోపలికి వంగిన గీత అనిపిస్తోంది. మూల వైపు కుంగినట్టు."

అనగానే చెవులు వేడెక్కుతాయి. అక్క తప్పనదు, ఒప్పనదు. "ఎందుకలా అనిపించింది?"

"రెండు కొసలూ జారుతుంటే నిచ్చెన మొత్తం మూలలోకి నొక్కుకుపోతున్నట్టు కనిపిస్తోంది."

"సరే. నిజమో కాదో చూడు."

చార్ట్ పేపర్ పరుస్తావు. నిలువు గీత గోడ, అడ్డ గీత నేల. వాటి మధ్య స్కేలు పెట్టి కొద్దికొద్దిగా జరుపుతూ, బొట్టు ఉన్న ప్రతి చోటా పెన్సిల్‌తో చుక్క పెడతావు. నిచ్చెన నిటారుగా ఉన్నప్పుడు చుక్క గోడ మీద 15 ఎత్తులో. పూర్తిగా పడిపోయాక నేల మీద 15 దూరంలో. మరి సగంలో? పెన్సిల్ ఆగిపోతుంది. చుక్క లోపలికి కుంగలేదు. బయటికి ఉబ్బింది.

"నేనన్నది తప్పు," అంటావు. ఈసారి చెవులు వేడెక్కవు. వేళ్లే ముందుకి పరుగెడతాయి. నేల మీది దూరం ఎక్స్, గోడ మీది ఎత్తు వై అనుకుంటావు. బొట్టు ఉన్నది వాటిలో సగం సగం దగ్గర. పైథాగరస్ ప్రకారం మూల నుంచి బొట్టు దూరం నిచ్చెన పొడవులో సగం. ఎప్పుడు కొలిచినా 15. మారని దూరం.

"పావు వృత్తం!"

అక్క నవ్వుతుంది. "ఎంతసేపట్లో చెప్పావో నేను చూడలేదు. తప్పు దారిలో మొదలెట్టి, చుక్కలు పెట్టి చూసి, నీ అంతట నువ్వే వెనక్కి తిరిగావు చూడు, అది విన్నాను."

ఇదంతా ఆక్స్‌ఫర్డ్ వాళ్లకెందుకు? జవాబు కావాలంటే పరీక్ష పెడితే సరిపోతుంది కదా? సరిపోదు. అక్కడ చదువు నడిచేదే ట్యుటోరియల్ మీద. వారం వారం ఇద్దరు ముగ్గురు విద్యార్థులు ఒక అధ్యాపకుడి ఎదుట కూర్చుంటారు. చేసిన లెక్కలు ముందు పెడతారు. ఎక్కడ ఇరుక్కున్నారో చెబుతారు, వాదిస్తారు, దిద్దుకుంటారు. ఇంటర్వ్యూ అలాంటి ఒక అరగంట. నిన్ను అడిగేవాళ్లు రేపు నీకు పాఠం చెప్పబోయేవాళ్లే. ఈ పిల్లకో పిల్లాడికో చిన్న సూచన ఇస్తే అందుకుంటారా? అది తేల్చుకోవడానికే వాళ్లు పిలుస్తున్నారు.

ఆ రోజు నుంచి ఇంట్లో నీ గొంతు ఆగదు. సాయంత్రం అక్క. అక్క రాని రోజు నాన్న. నాన్నకి లెక్కలు రావు, అయినా కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంటాడు. నువ్వు పది సెకన్లు ఆగితే చాలు, "ఊఁ, తర్వాత?" అంటాడు. అంతకు మించిన సాయం ఈ ఊళ్లో ఏ కోచింగూ అమ్మదు. ఇంగ్లీషు తడబడుతుంది. తడబడనీ. వ్యాకరణం కోసం ఎవరూ పిలవలేదు. దరఖాస్తులో ఇష్టమని రాసిన పుస్తకాన్ని మళ్లీ తీస్తావు. అందులో నీకు నిజంగా నచ్చిన ఒక్క నిరూపణని అమ్మకి అర్థమయ్యేలా చెప్పగలవా? చెప్పలేకపోతే ఇంకా నీకూ రాలేదన్నమాట.

డిసెంబరు. మంగళవారం. సాయంత్రం ఏడుంపావు.

2020 నుంచి ఈ ఇంటర్వ్యూలు ఆన్‌లైన్‌లోనే. అక్కడ మధ్యాహ్నం రెండు, ఇక్కడ ఏడున్నర. ల్యాప్‌టాప్ ఛార్జింగ్‌లో ఉంది. పక్కనే పెన్నుతో రాసే టాబ్లెట్. నువ్వు అందులో గీసే ప్రతి గీతా వాళ్లకి తెర మీద కనిపిస్తుంది. ఇన్వర్టర్ పచ్చ లైటు చూసుకుంటావు. ఉతికిన మామూలు చొక్కా. సూటు అక్కర్లేదని వాళ్లే చెప్పారు.

ఏడూ ఇరవై. వెనక సందులో మైకు మోగుతుంది. అయ్యప్ప భజన. స్వాములు గొంతెత్తి శరణు చెబుతున్నారు. కిటికీ మూస్తావు. ఇంకా వినిపిస్తోంది. నాన్న మాట్లాడకుండా చెప్పులేసుకుని బయటికి పోతాడు. రెండు నిమిషాల్లో మైకు కాస్త తగ్గుతుంది.

ఏడున్నర. తెర వెలుగుతుంది.

ఇద్దరు. కళ్లజోడు పెట్టుకున్న ఒకావిడ, తల నెరిసిన ఒకాయన. పలకరిస్తారు. నీ పేరు సరిగ్గా పలికామా అని అడుగుతారు. చేతులు చల్లబడ్డాయి. టేబుల్ కింద తొడల మీద రుద్దుకుంటావు.

ఆవిడ మొదలెడుతుంది. "రెండు పవర్ నాలుగు, పదహారు. నాలుగు పవర్ రెండు, అదీ పదహారే. ఇలా తిరగేసినా సమానంగా ఉండే వేర్వేరు ధన పూర్ణాంకాల జతలు ఇంకా ఉన్నాయా?"

గుండె ఎగిరి పడుతుంది. ఇది నువ్వు చూశావు. ఏదో పుస్తకంలో, పేజీ అడుగున. జవాబు తెలుసు. ఇంకేమీ లేవు. ఎందుకు లేవో మాత్రం గుర్తులేదు.

చెప్పేస్తావా? తెలియనట్టు నటిస్తావా?

ఒక్క క్షణం.

"ఇది నేను ఇంతకుముందు చూశాను. ఇంకే జతా లేదని గుర్తుంది. కారణం గుర్తులేదు. ఇప్పుడు ప్రయత్నిస్తాను."

ఆయన తలూపుతాడు. ఊపిరి వదులుతావు. ఇక దాచడానికి ఏమీ లేదు.

ఎక్స్ పవర్ వై, వై పవర్ ఎక్స్ అని రాస్తావు. రెండు పక్కలా లాగ్ తీస్తావు. ఎక్స్‌లన్నీ ఒక పక్కకి, వైలన్నీ ఇంకో పక్కకి. లాగ్ ఎక్స్ బై ఎక్స్. అటు వైపూ అదే రూపం. "అంటే ఒకే గ్రాఫ్ మీద ఒకే ఎత్తులో ఉన్న రెండు బిందువులు వెతకాలి." గ్రాఫ్ గీస్తావు. పైకి. ఇంకా పైకి. లాగ్ పెరుగుతూనే ఉంటుంది కదా.

ఆవిడ అడుగుతుంది. "ఎప్పటికీ పెరుగుతుందా?"

పెన్ను ఆగుతుంది.

ఎందుకడిగింది? తప్పా? ఎక్కడ?

మౌనం. రెండు సెకన్లు. అయిదు.

తల ఖాళీ. భజన. గుండె. ఎనిమిది.

"ఊఁ, తర్వాత?" నాన్న గొంతు. నీ తలలోనే.

నోరు తెరుస్తావు. "నా గ్రాఫ్ మీద నాకు అనుమానం వస్తోంది. ఒక సంఖ్య వేసి చూస్తాను." రెండు వేస్తావు. 0.35 దగ్గర. వంద వేస్తావు. లాగ్ వంద 4.6. దాన్ని వందతో భాగిస్తే 0.046. "దిగిపోయింది. పైన లాగ్ నెమ్మదిగా పెరుగుతోంది, కింద ఎక్స్ వేగంగా పెరుగుతోంది. నేను గీసింది తప్పు."

చెరిపేస్తావు. డిఫరెన్షియేట్ చేస్తావు. లాగ్ ఎక్స్ ఒకటి అయిన చోట శిఖరం, అంటే 2.718 దగ్గర. అక్కడిదాకా ఎక్కడం, అక్కణ్నుంచి దిగడం. అడ్డంగా ఒక గీత గీస్తావు. గ్రాఫ్‌ని రెండు చోట్ల కోస్తుంది. ఒకటి శిఖరానికి ఎడమన, ఒకటి కుడిన.

ఎడమన ఉన్న పూర్ణాంకాలేవి? ఒకటి, రెండు. అంతే!

"ఒకటి దగ్గర ఎత్తు సున్నా. ఆ ఎత్తులో ఇంకో బిందువు లేదు. మిగిలింది రెండు. దాని జత నాలుగు. ఇంకెవరికీ చోటు లేదు." నీ గొంతు నీకే కొత్తగా ఉంది. అందులో వణుకు పోయింది.

"పూర్ణాంకాలు కాకపోతే?" ఇప్పుడు ఆయన. ముందుకి వంగాడు. ఇది నువ్వు ఏ పుస్తకంలోనూ చూడలేదు.

భయం రావాలి. రాదు. అడ్డ గీతని మెల్లగా పైకి జరుపుతావు. "ఒకటికీ 2.718కీ మధ్య ఏ సంఖ్య తీసుకున్నా కుడి పక్కన సరిగ్గా ఒక జత దొరుకుతుంది. గీత పైకి వెళ్లేకొద్దీ రెండు బిందువులూ దగ్గరవుతాయి. శిఖరం మీద కలిసిపోతాయి." అంటూనే నవ్వు వచ్చేస్తుంది. లెక్క అందంగా ఉంది. ఆవిడా నవ్వుతుంది.

తెర ఆరిపోతుంది. గడియారం చూస్తే ఎనిమిది. అరగంట ఎటు పోయిందో తెలియదు.

తలుపు అవతల అమ్మా నాన్నా నిలబడి ఉన్నారని తెలుసు. సీటు వస్తుందా? ఫలితం జనవరిలో. ముగ్గురిలో ఒకరు అన్న లెక్క ఈ రాత్రికేమీ మారలేదు. నీ చేతిలో ఉన్నదొకటే: రేపు సాయంత్రం ఇంకో ఇంటర్వ్యూ ఉంది. గ్రాఫ్ తప్పు గీసిన ఆ ఎనిమిది సెకన్లని రాత్రంతా నెమరు వేసుకుంటావా, లేక ఇంకో లెక్క మొదలెడతావా?

మొదలెట్టు. సీటు ఇంగ్లండులో దొరికినా, బొంబాయిలో దొరికినా, ఇదే ఊళ్లో దొరికినా ఈ రెండు వారాలు వృథా పోవు. నలుగురి ముందు తప్పు ఒప్పుకుని, అక్కణ్నుంచే ముందుకి ఆలోచించడం నీకు వచ్చేసింది. మన పిల్లల్లో తెలివికి కొదవ లేదు. ఆ తెలివిని పైకి వినిపించే అలవాటే మనం వాళ్లకి చెయ్యలేదు. ఒక ఇల్లు, ఒక స్కేలు, ఎదురుగా కూర్చుని "తర్వాత?" అనే ఒక మనిషి ఉంటే ఆ అలవాటు ఇవాళే మొదలవుతుంది.

తలుపు తీస్తావు. వాళ్లు ఏదో అడగబోతారు. నువ్వే ముందు అంటావు: "నాన్నా, కుర్చీ తెచ్చుకో. కొత్త లెక్క ఉంది."