కత్తిరించిన కావ్యం

పాత కావ్యాలలో అసభ్యమనిపించే పద్యాలను, పిల్లలకు తెలియని మాటలను తొలగించవచ్చునా అన్న ప్రశ్న బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురం తెలుగు బళ్ళలోనూ వచ్చేదే. మైసూరు సీమలో పుట్టిన బెంగళూరు నాగరత్నమ్మగారిని తలచుకోండి. తంజావూరు కవయిత్రి ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ 1887లో అచ్చయినప్పుడు, కొన్ని పద్యాలతోపాటు ఆమె తన వంశాన్ని చెప్పుకొన్న భాగాన్నీ తీసివేశారు. శృంగారానికి జడిశారనుకుందాం, వంశమేం చేసింది? నాగరత్నమ్మ వ్రాతప్రతి సంపాదించి 1910లో సమగ్రంగా ప్రచురించారు. కావ్యాన్ని నిందించిన కందుకూరి వీరేశలింగం పంతులుగారికి పీఠికలోనే బదులిచ్చారు. 1911లో ప్రభుత్వం దానిని నిషేధించింది. నిషేధమైతే పాఠకునికి తెలుస్తుంది. 1887 నాటి కోత తెలియదు. ఈ కావ్యాన్ని బడిలో చెప్పమనడం లేదు. మన కైవారం తాతయ్యగారి తెలుగు కీర్తనలో పాత మాట వస్తే మార్చక, ప్రక్కన అర్థం వ్రాయించండి. ముద్దుపళని కావ్యంపై నిషేధాన్ని 1947లో టంగుటూరి ప్రకాశం పంతులుగారు ఎత్తివేయించారు. 1952లో వావిళ్ళవారు మళ్ళీ అచ్చువేశారు.