అద్దం వెనుక బొమ్మ

దోహా సముద్రతీరాన 2008లో వెలసిన ఇస్లామీయ కళల మ్యూజియాన్ని మనమందరం ఎరుగుదుము. దాని వాస్తుశిల్పి ఐ.ఎం. పే 1917లో పుట్టిన ఊరు చైనాలోని కాంటన్, అంటే నేటి గ్వాంగ్‌జౌ. మన ఇళ్ళలోని పాత అద్దం పటాల పుట్టుపూర్వోత్తరాలు కూడా ఆ ఊరితోనే ముడిపడి ఉన్నాయి.

1757 నుండి 1842 వరకు చైనాలో పాశ్చాత్య వర్తకులకు తెరచి ఉన్న రేవు అదొక్కటే. ఐరోపా గాజు పలకలు ఓడలలో అక్కడికి చేరేవి; చీనా చిత్రకారులు వాటి వెనుకవైపు బొమ్మలు వ్రాసి పంపేవారు. కాగితం మీద చివర దిద్దే కనుపాపను, నగను గాజు మీద ముందే దిద్దాలి. వెనుకనుండే ఆకాశం ఆఖరున. 18వ శతాబ్దంలో ఈ విద్య మన దేశానికి వచ్చింది. తంజావూరు చిత్రకారులలో పేరొందిన రాజులు తెలుగు మాట్లాడేవారే. ఆ సీమలో పట్టాభిషేకాలు, వెన్నకృష్ణులు గాజు మీద కూడా వెలిశాయి.

కాగితం రంగును పీల్చుకుంటుంది, గాజు పీల్చుకోదు. అందుచేత ఉక్కపోత, ఏ.సీ. చల్లదనం మారి మారి తగిలితే రంగు పెచ్చులుగా లేస్తుంది. ఖతార్ వేసవిలో ఈ ముప్పు మరీ ఎక్కువ. పటాన్ని ఎండకు, ఏ.సీ. గాలికి దూరంగా ఉంచాలి. వెనుక అట్ట ఊడదీసి తడిగుడ్డతో తుడిస్తే దుమ్ముతోపాటు దేవుడి ముఖమూ పోతుంది. పెచ్చులు లేస్తే గాజు క్రిందికి వచ్చేలా పటాన్ని పడుకోబెట్టి నిపుణులకు చూపాలి. వారు సన్నని కుంచెతో జిగురు పంపి ఒక్కొక్క పెచ్చునూ అతికిస్తారు. పాత రంగు మీద కొత్త రంగు పులమరు.

మనలాగే ఊరు విడిచి, చేరినచోట వేళ్ళూనిన కళ ఇది. పెద్దలిచ్చిన పటాన్ని, దాని కథతో సహా, పిల్లలకు అందించడం మన వంతు.