గౌట్, యూరిక్ యాసిడ్: పప్పు మీద పడిన నింద

రక్తపరీక్షలో యూరిక్ యాసిడ్ కాస్త ఎక్కువ వచ్చిందంటే చాలు, మన ఇళ్లలో మొదట ఆగిపోయేది పప్పు. ఆ తర్వాత పాలకూర, పుట్టగొడుగులు. మాంసం ముట్టని ఇంట్లో మాంసకృత్తులకు ఉన్న పెద్ద ఆధారమే పప్పు. దాన్ని తీసేసే పథ్యానికి రుజువు ఉందా అన్నది ఈ వ్యాసంలో పరిశీలించాను.

ముందు వ్యాప్తి సంగతి. అమెరికాలో 2007-08 జాతీయ ఆరోగ్య, పోషకాహార సర్వే ప్రకారం పెద్దవాళ్లలో 3.9 శాతం మందికి గౌట్ అనే కీళ్ల జబ్బు ఉంది. యూరిక్ యాసిడ్ హద్దు దాటినవాళ్లు 21.4 శాతం. ఈ రెండు అంకెల మధ్య దూరమే అసలు విషయం: రిపోర్టులో అంకె పెరిగినవాళ్లలో ఎక్కువమందికి గౌట్ లేదు. డెసీలీటరుకు 6.8 మిల్లీగ్రాములు దాటితే యూరిక్ యాసిడ్ (యూరేట్) స్ఫటికాలుగా పేరుకునే వీలుంటుంది కానీ, అందరిలోనూ పేరుకోదు. జబ్బు తిరగబెడితే మాత్రం ఆ బాధ చెప్పనలవి కాదు. అర్ధరాత్రి కాలి బొటనవేలి మొదట్లో నొప్పి మొదలవుతుంది. తెల్లారేసరికి కీలు ఎర్రగా వాచి, దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేని స్థితి వస్తుంది. ఆ కీలు నుంచి తీసిన ఒక్క చుక్క ద్రవాన్ని పోలరైజ్డ్ మైక్రోస్కోపు కింద చూస్తే సన్నటి సూదుల్లాంటి స్ఫటికాలు మెరుస్తూ కనిపిస్తాయి. గౌట్‌ను తేల్చిచెప్పే సాక్ష్యం అది.

ఇక ఆహారం. హార్వర్డ్‌లో హ్యోన్ చోయ్ బృందం 47,150 మంది పురుషులను 12 ఏళ్లు గమనించి 2004లో ఫలితాలు ప్రకటించింది. ఆ కాలంలో 730 మందికి కొత్తగా గౌట్ వచ్చింది. మాంసం అందరికంటే ఎక్కువ తినేవాళ్లకు, తక్కువ తినేవాళ్లతో పోలిస్తే, ముప్పు 41 శాతం ఎక్కువ. చేపలు, రొయ్యల వంటివాటితో 51 శాతం ఎక్కువ. పాల పదార్థాలు బాగా తీసుకునేవాళ్లలో 44 శాతం తక్కువ. శరీరంలో యూరిక్ యాసిడ్‌గా మారే ప్యూరిన్లు ఎక్కువున్న శాకాహారంతో, అంటే బఠానీలు, చిక్కుళ్లు, పప్పుధాన్యాలు, పాలకూర వంటివాటితో, ముప్పు పెరగలేదు. వాళ్లంతా అమెరికన్ వైద్యరంగ ఉద్యోగులన్నది నిజమే. అయినా పప్పును దోషిగా నిలబెట్టేవాళ్లు చూపాల్సిన రుజువు ఇందులో లేదు.

అదే బృందం రోజుకొక బీరు ముప్పును దాదాపు సగం పెంచుతుందని చూపింది. 2008లో తీపి కూల్‌డ్రింకుల వంతు వచ్చింది: రోజుకు రెండు, అంతకుమించి తాగేవాళ్లలో ముప్పు 85 శాతం ఎక్కువ. చక్కెర లేని కూల్‌డ్రింకులకు ఈ సంబంధం కనబడలేదు. కారణం ఫ్రక్టోజ్. కాలేయం దాన్ని జీర్ణించుకునే తొందరలో కణానికి శక్తినిచ్చే ఏటీపీ ఖర్చయిపోతుంది, దాని శిథిలాలు యూరిక్ యాసిడ్‌గా మారతాయి. పప్పు మానేసిన మనిషి దాహానికి కూల్‌డ్రింకు సీసా తెరిస్తే ఆ పథ్యానికి అర్థమేముంది?

ఆహారాన్ని మరీ దోషిగా చూడటం కూడా సరికాదు. 2018లో బీఎంజే వైద్య పత్రికలో వచ్చిన విశ్లేషణలో, రక్తంలో యూరేట్ తేడాలకు ఏ ఒక్క ఆహార సరళి వంతూ 0.3 శాతం దాటలేదు. జన్యువుల వంతు సుమారు 24 శాతం. మూత్రపిండాలు యూరేట్‌ను ఎంత బయటికి పంపగలవన్నది చాలావరకు పుట్టుకతో వచ్చేదే. అందుకే పదేపదే నొప్పి వస్తున్నా తిండిలో తప్పు చేశామని కుమిలిపోతూ, మందు వద్దని నెట్టుకొచ్చేవాళ్లను చూస్తే బాధ కలుగుతుంది. అలాంటివాళ్లకు అల్లోప్యూరినాల్ వంటి మందుతో యూరిక్ యాసిడ్‌ను 6 కంటే కిందికి తేవడమే చికిత్స.

పథ్యం రాసిచ్చే వైద్యులకు, డైటీషియన్లకు నా విన్నపం ఇదే: బీరు, తీపి పానీయాలు, కార్జం, అధిక బరువు గురించి ముందు అడగండి. మరో కారణం లేకుండా పప్పు మాత్రం మాన్పించకండి.