కొర్తో–తిబో–కసాల్స్ త్రయం తొలి రికార్డు

ఫ్రాంజ్ షూబర్ట్ బి-ఫ్లాట్ మేజర్ పియానో ట్రయోను (ఓపస్ 99, డి. 898) ఆల్ఫ్రెడ్ కొర్తో (పియానో), జాక్ తిబో (వయొలిన్), పాబ్లో కసాల్స్ (చెల్లో) లండన్ కింగ్స్‌వే హాల్లో 1926 జులై 5, 6 తేదీల్లో హెచ్‌ఎంవీ సంస్థకు వాయించారు. ఆ ముగ్గురూ కలిసి చేసిన మొదటి రికార్డింగు ఇదే. 

త్రయం ఎప్పుడు ఏర్పడిందన్న దానిపై ఆధారాలు ఏకాభిప్రాయంతో లేవు. ఎక్కువ గ్రంథాలు 1905 అంటాయి, కొన్ని 1906 అంటాయి. ముందు సరదాకి కలిసి వాయించుకున్నారని, సభలెక్కడం తర్వాతి సంగతని చెప్పే కథనాన్ని ఒప్పుకుంటే రెండు సంవత్సరాలకూ పొత్తు కుదురుతుంది. ముగ్గురూ అప్పటికే విడివిడిగా పేరున్నవారు. కొర్తో 1902లోనే వాగ్నర్ ఒపెరాను పారిస్‌లో నిర్వహించాడు. కసాల్స్ బాఖ్ చెల్లో స్వీట్లను కచేరీ వేదిక మీదికి తెచ్చాడు. ఎవరి కచేరీలు వారికి ఉండగా, ఏడాదిలో కొన్ని వారాలు మాత్రం త్రయానికి కేటాయించుకునేవారు.

అలాంటి త్రయం రికార్డుకు రావడానికి ఇరవై ఏళ్లు పట్టింది. కారణం చాలావరకు సాంకేతికం. 1925కు ముందు వాద్యకారులు కొమ్ముబూరా ముందు కూచుని వాయించేవారు. ఆ ధ్వని బలమే సూదిని కదిలించాలి. గాత్రానికి అది బాగానే సరిపోయింది కానీ, పియానో నాదం పలచబడి రేకు మోతలా వినిపించేది, చెల్లో మంద్రం సగం మాయమయ్యేది. వెస్టర్న్ ఎలక్ట్రిక్ వారి విద్యుత్ పద్ధతి, దానితోపాటు మైక్రోఫోను వచ్చాక ఈ ఇబ్బంది తొలగింది. మెథడిస్టుల ప్రార్థనా మందిరమైన కింగ్స్‌వే హాల్లో నాదం నిలిచే తీరు కొత్త మైకుకు బాగా కుదిరింది. తర్వాత దశాబ్దాలపాటు లండన్‌లో రికార్డింగులకు అది ముఖ్య స్థలమైంది.

పన్నెండు అంగుళాల 78 ఆర్‌పీఎం ప్లేటులో ఒక వైపు నాలుగు నిమిషాల పైచిలుకు మాత్రమే పడుతుంది. అరగంట దాటే కృతిని ఎనిమిది వైపులకు పంచారు. వైపు మారేచోట ఆపి, మళ్లీ అదే కాలప్రమాణంలో అందుకోవాలి. తప్పు పడితే ఆ వైపు మొత్తం తిరిగి వాయించాలి, అతికించే వీలు లేదు. కొర్తో అక్కడక్కడ స్వరాలు జార్చుకునే మనిషన్న పేరు ఉంది. అయినా ఈ రికార్డు ప్రవాహం ఎక్కడా తెగదు.

కృతి రచనాకాలం కూడా వివాదమే. షూబర్ట్ చేతిరాత ప్రతి దొరకలేదు. 1827 అన్నది ఎక్కువమంది మాట, ఇంకాస్త ముందని వాదించేవారూ ఉన్నారు. షూబర్ట్ 1828లో చనిపోయాడు, స్వరలిపి 1836లో గానీ అచ్చవలేదు. మొదటి భాగంలో వయొలిన్, చెల్లో స్థాయి భేదంతో ఒకే వరసను ఎత్తుకుంటాయి, కింద పియానో లయను పట్టుకుని నడుస్తుంది. రెండో భాగంలో పాట మొదట చెల్లోది, తర్వాతే వయొలిన్ అందుకుంటుంది. ఈ రికార్డు విలువ తెలియాలంటే వినవలసింది ఆ అందుకునే చోటే. కసాల్స్ వాక్యాన్ని ఎక్కడ వదిలాడో తిబో సరిగ్గా అక్కడే, అదే బరువుతో పట్టుకుంటాడు. ముగ్గురు సోలో విద్వాంసుల తాత్కాలిక కూటమి అనే విమర్శ పాతదే. 1955లో మొదలైన బోజార్ ట్రయో వంటి శాశ్వత బృందాలతో పోల్చినప్పుడు అది మరీ వినిపిస్తుంది. ఈ రెండో భాగం విన్నాక ఆ విమర్శకు బలం తగ్గుతుందనే చెప్పాలి.

తిబో స్వరం నుంచి స్వరానికి జారే తీరు తర్వాతి తరం పాశ్చాత్య విమర్శకులకు పాతవాసనగా తోచింది. కర్ణాటక సంగీతం విన్న చెవికి అందులో వింతేమీ లేదు, జారు మనకు నిత్యం వినిపించే గమకమే. ఇక మన వయొలిన్ సంగతికొస్తే, విశాఖపట్నంలో పెరిగి, 1919లో విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో ఆచార్యుడైన ద్వారం వెంకటస్వామి నాయుడు (1893–1964) ఫిడేలును పక్కవాద్యం స్థానం నుంచి లేపి సోలో కచేరీకి తెచ్చినవారిలో ముఖ్యుడు. త్రయం ఈ రికార్డు చేసేనాటికి ఆయన విజయనగరంలో పాఠాలు చెబుతున్నారు. మూడు వాద్యాలకు సమాన హోదా ఇచ్చే ఏర్పాటుకు మన దగ్గర దగ్గరి పోలిక, 1966లో లాల్గుడి జయరామన్, ఎన్. రమణి, ఆర్. వెంకటరామన్ చేపట్టిన వయొలిన్–వేణువు–వీణ కచేరీలు. కర్ణాటక సంగీతంలో సామరస్యాలు ఉండవు కాబట్టి ఆ పోలికను పరిమితంగానే తీసుకోవాలి.

త్రయం మొత్తం రికార్డులు కొద్దే. 1926లోనే బీథోవెన్ ‘కకాడు’ వేరియేషన్లు, 1927లో హైడన్ జి మేజర్ ట్రయో, మెండెల్సన్ డి మైనర్, 1928లో షూమన్ డి మైనర్, బీథోవెన్ ‘ఆర్చ్‌డ్యూక్’. 1929లో బ్రామ్స్ డబుల్ కాన్సర్టోకు కసాల్స్ బార్సిలోనా ఆర్కెస్ట్రాను కొర్తో నడిపించగా, తిబో, కసాల్స్ సోలోలు వాయించారు. షూబర్ట్ రెండో ట్రయోను (ఇ-ఫ్లాట్) వీరు రికార్డు చేయలేదు. ఆ పని 1935లో బుష్ సోదరులు, రుడాల్ఫ్ సెర్కిన్ చేశారు.

1930ల మధ్యకు త్రయం కలిసి వాయించడం మానేసింది. 1933 తర్వాత కసాల్స్ నాజీ జర్మనీలో వాయించనన్నాడు. యుద్ధకాలంలో కొర్తో విషీ ప్రభుత్వంలో పదవి తీసుకున్నాడు, యుద్ధం ముగిశాక ఫ్రాన్స్‌లో కొంతకాలం నిషేధం అనుభవించాడు. తిబో 1953 సెప్టెంబరు 1న ఆల్ప్స్‌లో విమాన ప్రమాదంలో తన స్ట్రాడివేరియస్‌తో సహా మరణించాడు. కొర్తో, కసాల్స్ 1958లో ప్రాద్ ఉత్సవంలో కలిసి వాయించారు. 1926 నాటి షూబర్ట్ రికార్డు ఎల్‌పీలుగా, ఆ తర్వాత సీడీలుగా పలుమార్లు తిరిగి వెలువడింది.