ట్రాక్టరు బ్యాటరీతో కంప్యూటరు

పొలం కొలతలు, పైరు ఫోటోలు, ఎరువుల లెక్కలు యిప్పుడు కంప్యూటరులోకి యెక్కుతున్నవి. పొలం గట్టున కరెంటు ప్లగ్గు వుండదు గనుక, మన చూపు జీపు మీదికో ట్రాక్టరు మీదికో పోతుంది. దాని బ్యాటరీతో కంప్యూటరు నడుస్తుందా? తప్పక నడుస్తుంది. అయితే ఆ బ్యాటరీ అసలు యే పనికి వచ్చినదో తెలుసుకొని మరీ వాడుకోవాలి.

1859లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే, సీసపు రేకులను గంధకామ్లంలో వుంచి, మళ్ళీ మళ్ళీ ఛార్జి చేయదగిన బ్యాటరీని తయారుచేశాడు. మొదట్లో మోటారు కారును స్టార్టు చేయాలంటే, ముందు నిలబడి హ్యాండిలు తిప్పవలసి వచ్చేది. అది వెనక్కు తన్ని చేతులు విరిగినవారున్నారు. 1912లో అమెరికాలో చార్లెస్ కెట్టరింగ్ రూపొందించిన కరెంటు స్టార్టరు కాడిలాక్ కార్లలో వచ్చింది. ఆ స్టార్టరును తిప్పడానికే బండిలో పెద్ద బ్యాటరీ స్థిరపడినది. కొద్ది క్షణాలు వందల ఆంపియర్లు యివ్వడం, వెంటనే తిరిగి నిండడం - యిదీ దాని పని.

తిరిగి నింపే పని డైనమోది. యింజను నెమ్మదిగా తిరిగితే డైనమో సరిగా నింపలేదు. 1960లో క్రైస్లర్ కంపెనీ వాలియంట్ కారుకు ఆల్టర్నేటరు పెట్టింది. యింజను నెమ్మదిగా తిరిగినా యిది కరెంటు యిస్తుంది. అంతకు ముందే, 1950 దశకంలో, అమెరికా కార్లు 6 వోల్టుల నుండి 12 వోల్టులకు మారినవి. యిలా బండిలో కరెంటు పెరిగింది. చుట్ట వెలిగించుకోవడానికి పెట్టిన గూడే క్రమంగా అన్ని పరికరాలకూ ప్లగ్గు అయినది.

కంప్యూటరు ఆలస్యంగా వచ్చిన చుట్టం. 1981లో అమ్మకానికి వచ్చిన ఆస్‌బోర్న్-1ను చేత మోయవచ్చునన్నారు గాని, బరువు సుమారు 11 కిలోలు. లోపల బ్యాటరీ లేదు. నేటి ల్యాప్‌టాపుకు సొంత బ్యాటరీ వున్నది. దాన్ని నింపడానికి చాలా రకాలకు 19, 20 వోల్టులు కావాలి. బండి యిచ్చేది 12 వోల్టులు. యిన్వర్టరు పెడితే, ఆ 12ను 230 చేసి, ఛార్జరు మళ్ళీ 19కి దించాలి. ధాన్యాన్ని రెండుసార్లు కొలిస్తే తరుగు రెండుసార్లు పోయినట్లే. డి.సి. కన్వర్టరు అయితే ఒక్క మార్పుతో సరి, అదే మేలు.

యిక లెక్క చూడండి. 60 వాట్ల కంప్యూటరు, తరుగుతో కలిపి, సుమారు 6 ఆంపియర్లు లాగుతుంది. యింజను ఆపి నాలుగు గంటలు వాడితే 24 ఆంపియర్-గంటలు పోతవి. 75 ఆంపియర్-గంటల బ్యాటరీలో అది దాదాపు మూడోవంతు. కొత్త బ్యాటరీ తట్టుకోవచ్చు. పాతదైతే మర్నాడు తాళం తిప్పగానే టక్కుమని వూరుకుంటుంది. వాన పడి, పదును ఆరిపోతుంటే, ట్రాక్టరు కదలదు! పైగా మాటిమాటికీ అడుగంటా వాడితే యీ రకం బ్యాటరీ త్వరగా చెడుతుంది.

కనుక మీ బండి 12 వోల్టులదో 24 వోల్టులదో ముందు చూసుకోండి. బ్యాటరీ నుండి నేరుగా తీగ లాగితే, దాని దగ్గరే ఫ్యూజు వేయించండి. స్టార్టరు తిరిగేటప్పుడు వోల్టేజి బాగా పడిపోతుంది గనుక, కంప్యూటరు తీగ తీసి, తర్వాతే తాళం తిప్పండి. వీలైనంతవరకు బండి నడిచే వేళ ఛార్జి చేసుకోండి. చుట్టానికి పెట్టండి గాని, స్టార్టరు వాటా మాత్రం ముట్టుకోకండి.