రాతిలో హెలికాప్టర్, రాతి మీద కాలువ

ఈజిప్టులోని అబిడోస్‌లో ఫారో మొదటి సేతి కట్టించిన గుడి ఉంది. దాని వయసు 3,200 ఏళ్ల పైమాటే. లోపలి దూలం మీద చెక్కిన గుర్తుల్లో ఒకటి అచ్చం హెలికాప్టరే అనిపిస్తుంది. పైన రెక్క, వెనక తోక, కింద గుండ్రటి పొట్ట. 1990లలో ఆ ఫొటో ప్రపంచమంతా తిరిగింది. ఆనాడే ఈజిప్టువాళ్లు ఎగిరారన్న మాట పుట్టింది.

అసలు జరిగింది వేరు. సేతి ఆ దూలం మీద తన బిరుదు చెక్కించాడు. ఈజిప్టు శత్రువులను తరిమినవాడని దాని భావం. కొడుకు రెండో రామెసెస్ గద్దెనెక్కాక ఆ గాట్లను గచ్చుతో పూడ్పించి, వాటిమీదే తన బిరుదు చెక్కించాడు. దేశాన్ని కాపాడేవాడని, పరదేశాలను అణచేవాడని. కాలక్రమంలో గచ్చు రాలిపోయింది. తండ్రి అక్షరాలూ కొడుకు అక్షరాలూ ఒకదానిలో ఒకటి కలిసి, ఏ రాజూ చెక్కించని బొమ్మ తయారైంది. ఈజిప్టులోనే దెందెరా గుడిలో కరెంటు ‘బల్బు’ అని చెప్పుకునే బొమ్మ కూడా తామరపువ్వులోంచి వెలువడే పాము, అంటే ఒక దేవుడి రూపం. రెండుచోట్లా చదవాల్సిన రాత ఉంది. చూసేవాళ్లు రాత వదిలేసి ఆకారం పట్టుకున్నారు.

పాత రాళ్లలో యంత్రాలు వెతికే ఈ మోజు అనంతపురం కరువు నేలనూ వదల్లేదు. మన దగ్గర దానికి చిరునామా లేపాక్షి. 2022 దాకా అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన వీరభద్రాలయంలో సుమారు 70 స్తంభాలుంటే, వచ్చినవాళ్లంతా ఒక్కదాని దగ్గరే గుమిగూడతారు. అదే వేలాడే స్తంభం. దాని కింద తువ్వాలు దూర్చి అవతలినుంచి లాగుతారు. ఒక తెల్లదొర కదిపి చూస్తే మండపమంతా కదిలిందని గైడ్లు చెబుతారు. ఇంటర్నెట్‌కు ఎక్కాక అది పోయిన విద్యకు సాక్ష్యమైంది.

నిజానికి స్తంభం మొత్తంగా గాలిలో లేదు. ఒక మూల నేలకు ఆనే ఉంది. దూలాలను రాయి మీద రాయిగా పేర్చిన కట్టడంలో ఒక కాలు కాస్త లేచినా బరువును పక్క స్తంభాలు మోస్తాయి. ఇందులో శిల్పులకు వచ్చే లోటేమీ లేదు. ఊరి అంచున 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తున ఒకే బండలోంచి తీసిన బసవన్న ఉన్నాడు. ఆయన్ని సుత్తీ ఉలీ చేతబట్టిన మనుషులే తీశారు. వాళ్ల పనితనాన్ని పేరు తెలియని ఏదో యంత్రానికి అంటగట్టడం నాకు అన్యాయంగా తోస్తుంది.

యంత్రాలు వెతికేవాళ్లు చూడని రాయి ఇంకొకటుంది. హిందూపురం దాటి కర్ణాటక సరిహద్దు అవతల, గౌరిబిదనూరు తాలూకాలో దొరికిన 1388 నాటి శాసనం. పెనుకొండలో ఉన్న విజయనగర యువరాజు ప్రతాప బుక్కరాయలు, పెన్నను పెనుకొండకు తీసుకురమ్మని సింగయభట్టు అనే జలసూత్రికుణ్ణి ఆజ్ఞాపించాడు. ఆయన సిరువెర చెరువుకు కాలువ తవ్వించి, దానికి బుక్కరాయల పేరు పెట్టాడు. ఏడాదికి 550 మిల్లీమీటర్లు దాటితే చాలనుకునే వానల నేల ఇది. ఇక్కడ ఇంజనీరు పేరు, నది పేరు, ఏ నీటిని ఎటు తిప్పాలో ఆ సంగతి, అన్నీ రాతి మీద ఉన్నాయి. దీన్ని చూడటానికి మాత్రం ఎవరూ తువ్వాలు పట్టుకుని రారు.

అంతకు ముందే, 1369లో, కడప జిల్లా పోరుమామిళ్లలో మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించిన శాసనం మరీ వివరమైంది. రోజూ వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలే వంద బండ్లు, రెండేళ్ల పని. మంచి చెరువుకు కావాల్సినవి పన్నెండని చెప్పి, ఆరు దోషాలను కూడా లెక్కపెట్టింది. కట్ట కారడం, చవుడు నేల, మధ్యలో మిట్ట, నీరు కొంచెమై పొలం ఎక్కువ కావడం, నీరు ఎక్కువై పొలం చాలకపోవడం, రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం. పెన్నలో కలిసే చిత్రావతి మీద కర్ణాటక పరగోడు దగ్గర ఆనకట్ట తలపెట్టినప్పుడు అనంతపురం జిల్లా రైతులు రోడ్డెక్కింది ఆ చివరి దోషం గురించే.