రెండు నిమిషాల విమానం

రెండు ఊళ్ళ పేర్లు కొడితే విమాన దూరం, ప్రయాణ కాలం చెప్పే కాలిక్యులేటర్లు నెట్లో బోలెడున్నాయి. వాటిలో చాలావాటి కిటుకు మనవాళ్ళు ఇట్టే పట్టేస్తారు. అక్షాంశ రేఖాంశాల నుంచి దూరం లెక్కగట్టి, గంటకి ఓ 800 కిలోమీటర్లతో భాగించి, ఎక్కడానికీ దిగడానికీ అని ఓ అరగంట కలపడమే. హైదరాబాదు నుంచి ఢిల్లీకైతే ఇది బానే పనిచేస్తుంది. అదే లెక్క వెస్ట్రే, పాపా వెస్ట్రేల మీద వేసి చూడండి. దూరం 2.7 కిలోమీటర్లు. సమయం అరగంటా పన్నెండు సెకన్లు! టైంటేబుల్లో ఉండేదేమో రెండంటే రెండు నిమిషాలు.

స్కాట్లండుకి ఉత్తరాన ఉన్న ఆర్క్‌నీ దీవుల్లోవి ఈ రెండూ. ప్రపంచంలో అతి చిన్న షెడ్యూల్డు విమాన ప్రయాణం ఇదే. స్టువర్ట్ లింక్లేటర్ అనే పైలటు ఒకసారి 53 సెకన్లలో దాటించేశాడు. 2013లో రిటైరయ్యేలోపు ఆయన ఈ దారిలో 12 వేల సార్లకు పైగా ఎగిరాడట. 12 వేలని 2.7తో గుణించి చూస్తే 32,400 కిలోమీటర్లు, అంటే భూమి చుట్టూ ఒక్క ప్రదక్షిణ కూడా పూర్తి కాదు :)

ఇదంతా టూరిస్టుల సరదా కోసం పుట్టిందేమో అనిపిస్తుంది గానీ, కాదు. 1930లలో కెప్టెన్ ఫ్రెసన్ అనే ఆయన ఇన్వర్నెస్ నుంచి ఆర్క్‌నీకి విమానాలు మొదలెట్టి, పొలాల్లో, గడ్డి మైదానాల్లో దింపుతూ చిన్న దీవులకీ నడిపాడు. 1939లో యుద్ధం రావడంతో దీవుల మధ్య సర్వీసు ఆగింది. 1947లో విమానయానం ప్రభుత్వ సంస్థ చేతికెళ్ళింది, వాళ్ళు దాన్ని మళ్ళీ మొదలెట్టలేదు. పెద్ద సంస్థ కళ్ళకి ఇవి ఆనతాయా మరి! లోగన్ఎయిర్ 1967లో పూనుకునేదాకా దీవులవాళ్ళకి పడవే గతి. అప్పటికి ఐలాండర్ అనే బుల్లి విమానం అందుబాటులోకి రావడం కలిసొచ్చింది. రెండు ఇంజన్లు, ఎనిమిది తొమ్మిది సీట్లు, పొట్టి రన్‌వే చాలు. ఖాళీ ఉంటే పైలటు పక్కనే కూర్చోవచ్చు.

పాపా వెస్ట్రే జనాభా 2011 లెక్కల్లో 90. ఈ దారి టిక్కెట్ల డబ్బుతో గిట్టుబాటు కాదు, ప్రజాధనం కలిపి నడపాల్సిందే. తొంభై మంది కోసం అంత అవసరమా అంటారు కొందరు. నాకైతే ఆ ప్రశ్నే తిరగేసి అడగాలనిపిస్తుంది. విమానం ఎక్కేది టీచర్లు, డాక్టర్లు, రోగులు, బడి పిల్లలు. వాళ్ళ రాకపోకలు ఆగితే ఆ తొంభై మంది అక్కడ ఎన్నాళ్ళుంటారు? అయిదువేల ఏళ్ళ పైబడిన రాతి ఇళ్ళు, నాప్ ఆఫ్ హోవర్ అంటారు, ఆ దీవిలో ఇంకా నిలబడే ఉన్నాయి. అంతకాలంగా మనుషులున్న చోటది.

2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకంలో తొలి విమానాలు ఎగిరినప్పుడు మన కడప–హైదరాబాదు కూడా వాటిలో ఉంది. గంట ప్రయాణానికి 2,500 రూపాయలని కొన్ని సీట్లకి పరిమితి పెట్టి, లోటు ప్రభుత్వం భరించేట్టు ఏర్పాటు. ఆ దారి నడిపిన సంస్థ 2022లో ఆగిపోయింది. కడపకి ఆ పక్కనే రైలుంది, రోడ్డుంది. పాపా వెస్ట్రేకి సముద్రం తప్ప ఏమీ లేదు, అది కూడా చలికాలంలో పడవని రానిచ్చే రోజుల్లోనే.